షీటుకు తొమ్మిది

కార్తీక్ పెన్‌డ్రైవ్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "రిపోర్టు మేడం, తెలుగుది. నాపరాళ్లపాలెంలో పంచాలి. షీటుకు తొమ్మిది పేజీలు, రెండు పక్కలా."

క్వారీ కంపెనీలో ఊళ్లవాళ్లతో వ్యవహారాలు చూసే కుర్రాడు కార్తీక్. మాచర్ల బస్టాండు ఎదుట పుల్లారావు నడిపే జిరాక్స్ సెంటరుకి పాత ఖాతాయే. గేటు పాసులు, గోడకంటించే నోటీసులు, పండక్కి పంచే క్యాలెండర్లు అన్నీ ఇక్కడే కొట్టిస్తాడు. మర్యాదగా మాట్లాడతాడు. ఆపరేటర్ ఇరమ్‌ని పేరు పెట్టి పిలవడు, మేడం అంటాడు.

ఇరమ్ పెన్‌డ్రైవ్ గుచ్చి ఫైళ్లు తెరిచి చూసింది. "తొమ్మిదైతే చీమల బారులా ఉంటయ్ సార్. నాలుగైతే కళ్లకి ఆనుద్ది."

"కాగితం ఆదా చెయ్యమన్నారు. తొమ్మిదే అన్నారు."

"కానీయమ్మా, ఆయన చెప్పినట్టు," అన్నాడు పుల్లారావు పెద్ద మెషీను వెనకనుంచి. అతను టోనరు మారుస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

వచ్చింది ఒక ఫైలు కాదు. అధ్యాయానికొకటి, పటాలకొకటి, పట్టికలకొకటి, గంపెడున్నాయి. కొన్ని పేజీలు నిలువు, కొన్ని అడ్డం, కొన్నయితే స్కాన్ చేసినవాడు తలకిందులుగా పెట్టేశాడు. వీటిని ఒక్కొక్కటీ తెరిచి పేర్చుకుంటూ కూర్చుంటే పొద్దుగూకినా తెమలదు. ఇరమ్ ముందు అన్నిటినీ ఒక ఫోల్డరులోకి లాగింది. పేర్ల ముందు సున్నాతో మొదలుపెట్టి అంకెలు వేసింది. అలా వెయ్యకపోతే కంప్యూటరుకి ఒకటి తర్వాత పదొస్తుంది, ఆ తర్వాతెప్పుడో రెండొస్తుంది. అడ్డం పేజీల్ని తిప్పింది, తలకిందుల వాటిని నిలబెట్టింది. తర్వాత మొత్తాన్నీ బ్యాచ్‌లో వేసి, షీటుకు తొమ్మిది, ఎడమనుంచి కుడికి, పేజీకి పేజీకి మధ్య సన్నగీత అని చెప్పి మీట నొక్కింది. తెర మీద పచ్చ పట్టీ కదులుతూ ఒక్కొక్క ఫైలునీ మింగుతూ పోయింది.

ఈ పని ఆమెకి ఇష్టం. చిందరవందరగా వచ్చింది కుదురుగా బయటికి పోతుంటే, చిక్కు తీసి జడ వేసినట్టుంటుంది. మాచర్లలో ఇంకెక్కడ కొట్టించినా పేజీల వరుస తప్పుతుందనీ, ఇక్కడ తప్పదనీ కాలేజీ పిల్లలు చెప్పుకోవడం ఆమె చెవిన పడుతూనే ఉంటుంది.

నమూనా షీటు ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూసింది. అక్షరాలు నలకల్లా ఉన్నాయి. ప్రతి చిన్న పేజీ చుట్టూ మాత్రం బోలెడంత తెల్ల అంచు. ఖాళీ స్థలం, ఊరికే పోతోంది. ఆమెకి అది చూస్తుంటే చెయ్యి ఊరుకోలేదు. ఆ అంచుల్ని కత్తిరించేలా సరిచేసి ఇంకో షీటు తీసింది. అదే తొమ్మిది, అదే కాగితం, అక్షరం మాత్రం లావయింది. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటే ఎవరైనా చదవచ్చు.

రెండు షీట్లూ కార్తీక్ ముందు పక్కపక్కన పరిచింది. "ఇది చూడండి సార్. పైసా ఖర్చు పెరగదు."

కార్తీక్ రెండింటినీ చాలాసేపు చూశాడు. రెండో దాన్ని పట్టుకుని ఒక వాక్యం పైకి చదివాడు కూడా. ఫోను తీసి బయట అరటిపళ్ల బండి పక్కకి వెళ్లి ఎవరితోనో మాట్లాడాడు. తిరిగొచ్చాక మొహంలో నవ్వు లేదు.

"మొదటిదే కానివ్వండి మేడం."

"రెండోది బాగుంది గదా సార్."

"తెలుసు. మొదటిదే." లావు అక్షరాల షీటుని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

ఇరమ్ అడగబోయి ఆగింది. పుల్లారావు టోనరు పెట్టె మూత వేసి ఆమె వంక చూశాడు, చాల్లే అన్నట్టు. కాపీలన్నీ వచ్చి, స్పైరల్ కుట్టి, అట్టపెట్టెల్లో సర్దేసరికి మధ్యాహ్నమయింది. పోతూపోతూ కార్తీక్, "ఫైలు మీ సిస్టంలోంచి తీసేయండి మేడం," అన్నాడు. అది షాపులో ఉన్న పద్ధతే. ఒకరి కాగితం ఇంకొకరి కంటపడకూడదని పుల్లారావు మొదటి రోజే చెప్పాడు. ఆమె అతని ఎదుటే ఫైళ్లు తుడిచేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి చూపించింది.

ఆ సాయంత్రం కాలేజీ పిల్లలు నోట్సు పట్టుకొచ్చారు. షీటుకు నాలుగు పెట్టమన్నారు. ఇరమ్ అంచులు కత్తిరించి పెట్టింది. పెట్టి, ఎందుకో మళ్లీ మళ్లీ ఆ షీటు వంకే చూస్తూ కూర్చుంది.

*

నాపరాళ్లపాలెం నుంచి మహాలక్ష్మి వచ్చిన రోజు ఎండ మాడ్చేస్తోంది. బస్సు దిగి సరాసరి షాపులోకొచ్చి, సంచిలోంచి స్పైరల్ పుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టింది. యాభై దాటిన మనిషి. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపింది. వేళ్ల సందుల్లో మిరపకాయ ఎరుపు ఇంకా వదల్లేదు. పుస్తకంతో పాటు ఒక భూతద్దం కూడా తీసింది.

"అమ్మాయ్, దీన్ని పెద్దది చెయ్యాల. ఈ అద్దం కొనుక్కొచ్చా. రెండు పేజీలు చదివేసరికి తల తిరిగిపోయింది."

ఇరమ్‌కి అట్ట చూడగానే తెలిసిపోయింది. ఆ కుట్టు ఆమెదే.

"ఏందమ్మా అది?" అన్నాడు పుల్లారావు, తెలియనట్టు.

"క్వారీ రిపోర్టంట. మా ఊళ్లో క్వారీ పెంచుతారు గదా. సోమవారం మీటింగు, ఊరోళ్ల మాట వినటానికి జిల్లా నుంచి వస్తారంట. పొదుపు సంఘానికి లీడర్నని నా చేతికో కాపీ ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ రాయి బండ్లు ఏ బాటన పోతయ్యో అందులో రాశారంట. అది చూసుకోవాల." ఆమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "మా కళ్లాలన్నీ బాట పక్కనే. ఈ యేడు మిరపకాయ ఆరబోస్తే పైన తెల్లగా సున్నం కొట్టినట్టు దుమ్ము. యార్డుకి తోలితే తాలుకాయలో కలిపి తక్కువ రేటుకి పాడారు. ఇప్పుడు బండ్లు ఇంకా పెరుగుతయ్ అంటన్నారు."

"నెట్లో ఉంటది గదమ్మా," అన్నాడు పుల్లారావు.

"మా తోడికోడలు కొడుకు చూశాడయ్యా. ఇంగ్లీషుది ఉంది. తెలుగుది తెరుచుకోలా. ఆఫీసుకి పోతే, కాగితం ఇచ్చాం గదా, చదువుకోండి అన్నారు."

ఇరమ్ ఒక షీటు విప్పి మెషీను గాజు మీద బోర్లించింది. రెండింతలు పెట్టింది. అక్షరాలు పెద్దవయ్యాయి, కానీ మసకలు కట్టాయి. మూడింతలు పెట్టింది. తడిసిన నేల మీద ముగ్గులా అలుక్కుపోయాయి.

మహాలక్ష్మి ఆ కాగితం అందుకుని చెయ్యి చాపి దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. కోప్పడుతుందేమో అనుకుంది ఇరమ్. ఆమె మెల్లగా మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇది చదవటానికి ఇచ్చింది కాదులే. ఇచ్చామని చెప్పుకోవటానికి ఇచ్చింది." తర్వాత పుల్లారావుని అడిగింది. "ఎవరు కొట్టారయ్యా ఇంత సన్నంగా? ఏ ఊళ్లో కొట్టారు?"

"గుంటూరులో కొట్టించుంటారమ్మా. ఇంత పెద్ద పని ఇక్కడెవరు చేస్తారు."

ఇరమ్ మెషీను వైపు తిరిగి, అవసరం లేకపోయినా కాగితాల ట్రే లాగి మళ్లీ మూసింది.

డబ్బులు ఇవ్వబోతే పుల్లారావే వద్దన్నాడు. మహాలక్ష్మి వినలేదు. రెండు కాగితాలకీ ఇచ్చింది. ఎందుకైనా మంచిదని తన ఫోను నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి, "ఏదన్నా ఉపాయం తోస్తే చెప్పమ్మాయ్," అని బస్సుకి పోయింది.

ఆమె వెళ్లాక పుల్లారావు కుర్చీలో వెనక్కి వాలి, "నిజం చెప్పి ఏం జేస్తాం చెప్పు. నెలనెలా వచ్చే ఖాతా," అన్నాడు. ఇరమ్ ఆ చీటీని సొరుగులో పెట్టింది. అతను మళ్లీ, "నువ్వు జెప్పలా? రెండో షీటు చూపించావు గదా. నీ తప్పేముంది ఇందులో," అన్నాడు. అడగకుండానే రెండుసార్లు చెప్పాడు.

*

ఇరమ్‌వాళ్లిల్లు రైలుస్టేషను వెనక వీధిలో. ఆమె నాన్న జాన్ సాహెబ్ క్వారీ కాంట్రాక్టరు దగ్గర టిప్పరు తోలతాడు. ట్రిప్పుకింత అని కూలి. చీకటి పడకముందే ఇంటికొస్తే ఆ రోజు రాయి తక్కువైనట్టు లెక్క. ఆ వేళ తొందరగానే వచ్చాడు. కనుబొమలూ రెప్పలూ తెల్లగా ఉన్నాయి. తొట్టి దగ్గర చెంబుతో నీళ్లు గుమ్మరించుకుంటే కాళ్ల కిందికి పాలలా పారింది.

"సోమవారం బండ్లు ఆపేస్తన్నారే," అన్నాడు భార్య జరీనాతో. "డ్రైవర్లందరూ మీటింగుకి రావాలంట. కుర్చీలు నిండాలంట. బిరియానీ పొట్లాలు ఇస్తారంట."

"పోయి ఏం జెయ్యాల?" అంది జరీనా.

"ఏం జేసేదుంది. కూర్చోవాల, చప్పట్లు కొట్టాల. క్వారీ పెరిగితే ట్రిప్పులు పెరుగుతయ్. మనకే మంచిది."

ఇరమ్ గుమ్మంలో నిలబడి తువ్వాలు అందించింది. "నాపరాళ్లపాలెం మీదుగానేనా నాన్నా మీ బండ్లు పోయేది?"

"ఆ. ఇంకేడుంది బాట."

"కళ్లాల పక్కనే పోతయ్యా?"

"పక్కనే. ఏం?"

"ఊరికే."

అతను తల తుడుచుకోవడం ఆపి కూతురి మొహంలోకి చూశాడు. ఆమె లోపలికి వెళ్లింది. వెళ్లి, చేసేందుకు పనేమీ లేక, మడతపెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడత పెట్టింది. కంపెనీ తమకి అన్నం పెడుతోంది. ఫైలేమో ఖాతాదారుది. దాచమన్నారు, దాచింది. తుడిచెయ్యమన్నారు, తుడిచేసింది. ఎక్కడా గీత దాటలేదు. అయినా కాలు ఒకచోట నిలవలేదు. అన్నం ముందు కూర్చుని లేచింది, లేచి మళ్లీ కూర్చుంది. "చెప్పులో రాయి పడ్డట్టు ఏందే ఆ తిరగడం," అంది జరీనా.

తొమ్మిది పెట్టడం తప్పు కాదు. పిల్లలు పదహారు కూడా పెట్టించుకుంటారు. వాళ్లకి అది ఏముందో తెలిసిన పాఠం, చూపు పడితే చాలు గుర్తొస్తుంది. ఇక్కడ అలా కాదు. లావుగా కనిపించే దారి ఒకటుందని ఆమే చూపించింది. అది చూశాకే సన్నది కావాలన్నారు. ఆ సన్నదాన్ని ఇంత నీటుగా, పేజీ వరుస తప్పకుండా, గీతలు గీసి చేసిపెట్టింది తన చెయ్యే. అక్కడికొచ్చేసరికి ఆలోచన ఆగి, మళ్లీ మొదటికి తిరిగేది.

మర్నాడు దుకాణం తీశాక ఆధార్ కార్డు జిరాక్సు తీస్తూ ఉన్నట్టుండి ఆమెకి తోచింది. ఫైలు కంపెనీదే. కానీ ఆ పుస్తకం? సంతకం పెట్టించుకుని చేతికిచ్చారు. అది మహాలక్ష్మిది. ఆమె పుస్తకం ఆమె తెచ్చుకుని స్కాన్ చెయ్యమంటే చెయ్యకూడదని ఏ పద్ధతిలోనూ లేదు. జిరాక్సు మెషీను పెద్దది చేస్తే అలుక్కుపోయింది. మూలనున్న ఫొటో స్కానరు వేరు. దాన్ని నిదానంగా, గట్టి రిజల్యూషన్‌లో పెడితే సూదిమొనంత చుక్కని కూడా పట్టుకుంటుంది. షీటుకు పట్టే సమయంలో టీ తాగి రావచ్చు, అంతే.

చీటీ వెతికి ఫోను చేసింది. "పిన్నీ, జిరాక్సు షాపు నుంచి. పుస్తకం తీసుకుని రాగలవా?"

*

మహాలక్ష్మి వచ్చేసరికి పుల్లారావు భోజనానికి ఇంటికెళ్లాడు. శనివారం మధ్యాహ్నం బస్టాండులో కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఇరమ్ స్పైరల్ తీగ మెలితిప్పి లాగేసి షీట్లు విడదీసింది. స్కానరు గాజుని మెత్తటి గుడ్డతో తుడిచి, మొదటి షీటు పెట్టింది. లోపలి దీపం నత్తలా కదిలింది.

తెర మీద తొమ్మిది గళ్లు వచ్చాయి. ఆ రోజు గీసిన సన్నగీతల వెంటే ఇప్పుడు కోసింది. తొమ్మిది ముక్కలు, తొమ్మిది పేజీలు. ఒకదాన్ని తెర నిండా సాగదీసింది. అంచులు కొంచెం గరుకుగా ఉన్నాయి గానీ అక్షరం అక్షరంలాగే ఉంది.

"కనపడతంది," అంది మహాలక్ష్మి. స్టూలు ముందుకు జరుపుకుంది.

మూడు షీట్లయ్యాక ఇరమ్ చెయ్యి ఆపింది. తెర వంకే చూస్తూ చెప్పింది. "పిన్నీ, ఇవి గుంటూరులో కొట్టినవి కాదు. నేనే కొట్టా. ఇక్కడే."

మహాలక్ష్మి చేతిలోని షీటు కౌంటర్ మీద పెట్టింది.

"మరి మొన్న అడిగితే చెప్పలేదే?"

"భయమేసింది. మా నాన్న ఆ క్వారీ టిప్పరే తోల్తాడు."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ ఏస్తంది."

మహాలక్ష్మి ఆమె వంక ఎగాదిగా చూసింది. ఓదార్చలేదు, తిట్టలేదు. "సరే, పని కానీ. నాలుగింటి బస్సు తప్పితే గొడ్లకి నీళ్లు పెట్టే దిక్కు లేదు," అంది.

మొత్తం చేసే వీలు లేదు. విషయసూచిక చూసి దుమ్ము, నీళ్లు, రవాణా ఉన్న చోట్లు ఎంచుకున్నారు. పటాలు పనికిరాలేదు. రంగుల గీతలన్నీ నల్లగా ఒకదాని మీదొకటి పడి, ఏది బాటో ఏది వాగో తెలియలేదు. "ఇవి నా వల్ల కాదు పిన్నీ," అని పక్కన పెట్టేసింది. మాటలున్న పేజీలు మాత్రం ఒక్కొక్కటీ పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒక పేజీ చొప్పున, వెచ్చగా బయటికొచ్చాయి. మహాలక్ష్మి ఏడో తరగతి చదివింది. వేలు పెట్టుకుని చదువుతూ, అడ్డం వచ్చిన చోటల్లా ఆగింది.

"ధూళి నియంత్రణ. ధూళంటే దుమ్మేగా?"

"దుమ్మే."

"మరి దుమ్మనొచ్చుగా." మళ్లీ వేలు కదిలింది. "ప్రస్తుతము అనుసరిస్తున్న విధముగనే... వాహనములను టార్పాలిన్లతో కప్పి... గ్రామ రహదారిపై దినమునకు రెండు పర్యాయములు నీరు చల్లుచు..." ఆమె వేలు అక్కడ నిలిచిపోయింది. "ఇప్పుడు జేస్తన్నట్టు రాశారే."

ఇరమ్ కూడా వంగి చూసింది. అలాగే ఉంది. చెయ్యబోతామని కాదు, చేస్తున్నామని.

అప్పుడే పుల్లారావు పళ్లు కుట్టుకుంటూ మెట్లెక్కాడు. కౌంటర్ నిండా విప్పేసిన షీట్లు, స్టూలు మీద మహాలక్ష్మి, తెర మీద తెలిసిన పేజీ. చూసి, ఆగిపోయాడు.

"ఆ కాగితాలు ఎవరివి?" అన్నాడు ఇరమ్‌ని.

"ఆమెవి బాబాయ్. ఆమే తెచ్చుకుంది. మన దగ్గర ఫైలు లేదు."

పుల్లారావు లోపలికొచ్చి ఒక కాగితం తీసి చూశాడు. మొన్న ఈ మనిషికి గుంటూరని చెప్పిన మాట అతనికి గుర్తొచ్చిందేమో, ఆమె వైపు తిరగలేదు. కాగితం కింద పెట్టి, దాని అంచు సరిచేసి, మళ్లీ తీశాడు. "మన షాపు పేరు ఎక్కడా రాకూడదు," అన్నాడు చివరికి. తనే వెళ్లి మెషీనులో కాగితం నింపాడు.

మహాలక్ష్మి బస్సు అందుకుంది. ఇరమ్ రాసిన బిల్లుకి ఆమె ఇచ్చిన డబ్బు పుల్లారావు గల్లాలో వేసుకున్నాడు.

*

సోమవారం ఇరమ్ సెలవడిగింది. పుల్లారావు ఎక్కడికని అడగలేదు. నాపరాళ్లపాలెం బడి ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసల్లో కుర్చీలన్నీ అప్పటికే నిండిపోయాయి. నిండింది డ్రైవర్లతో, క్వారీ కూలీలతో. మూడో వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని తన నాన్న కూర్చుని ఉండటం ఇరమ్ చూసింది. తను వెనక వరసల్లో, ఊరి ఆడవాళ్ల మధ్య నిలబడింది. అతను చూడలేదు.

వేదిక మీద జిల్లానుంచి వచ్చిన అధికారి, పక్కన కంపెనీవాళ్లు. కార్తీక్ మైకులు సరిచేస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. కంపెనీ తరఫున ఒకాయన లేచి ఉద్యోగాల గురించి, బడికి కట్టించే గదుల గురించి చెప్పాడు. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు మైకు అందుకుని, కోపంతో మొదలుపెట్టి, ఎక్కడికో వెళ్లి, ఎక్కడో ఆపేశారు. "రిపోర్టు ఇచ్చాం కదా, అందులో అన్నీ వివరంగా ఉన్నాయి," అని ప్రతిసారీ అదే జవాబు వచ్చింది.

మహాలక్ష్మి వంతొచ్చింది. మైకు చేతిలోకి తీసుకోలేదు, స్టాండుకే వదిలేసి కాగితాలు రెండు చేతులతో పట్టుకుంది.

"నేను క్వారీ వద్దనటానికి రాలేదయ్యా," అంది. వెనకనుంచి ఎవరో గొణిగారు. ఆమె పట్టించుకోలేదు. "మా పిల్లకాయలు కూడా అందులో పని చేస్తన్నారు. మీరిచ్చిన రిపోర్టే చదువుతా." వేలు పెట్టుకుని, ఒక్కో మాటా విడదీసి, టార్పాలిన్ల దగ్గర్నుంచి నీళ్లు చల్లడం దాకా చదివింది. పేజీ నంబరు కూడా చెప్పింది.

అధికారి తన ముందున్న పుస్తకం తిప్పాడు. అతనికిచ్చింది నిండు సైజు పుస్తకం. పేజీ దొరికింది. తలూపాడు.

కార్తీక్ మైకు తీగ పట్టుకుని నిలబడిపోయాడు. మహాలక్ష్మి చేతిలోని కాగితాల వంకే చూస్తున్నాడు. ఆ చూపు కాగితాల మీదనుంచి జనంలోకి వెళ్లి, ఆడవాళ్ల వరసలో ఇరమ్ మీద ఆగింది. ఇరమ్ తల దించుకోలేదు. అతనే చూపు తిప్పుకున్నాడు. వంగి తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

"ఇది ఇప్పుడు జరుగుతున్నట్టే రాశారు," అన్నాడు అధికారి. "జరుగుతోందా?"

"జరుగుతోంది సార్. రోజూ," అన్నాడు కంపెనీ ఆయన.

"అయితే చూసినోళ్లు చెప్పండయ్యా," అంది మహాలక్ష్మి, ముందు కుర్చీల వైపు తిరిగి. "బండ్లు తోలేది మీరేగా. ఎవురన్నా ఒక్కరు చెప్పండి, టార్పాలిన్ పట్టా కప్పి తోల్తన్నామని. నేను కూర్చుంటా."

ఎవరూ కదల్లేదు. ఒకడు ఫోను తీసి చూసుకున్నాడు. ఇంకొకడు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. కాంట్రాక్టరు మనిషి పక్కనుంచి, "చెప్పండ్రా, కప్పుతున్నామని చెప్పండి," అని పళ్లు బిగించి అన్నాడు. ఇరమ్ తన నాన్న వీపునే చూస్తోంది. ఇస్త్రీ మడత భుజం దగ్గర నలిగింది. అతను పక్కవాడి మోకాలి మీద చెయ్యి ఆనించి, నడుం నొప్పి ఉన్న మనిషి లేచినట్టు మెల్లగా లేచాడు.

కప్పుతున్నామని చెబుతాడని ఇరమ్ అనుకుంది. అలా చెప్పినా తప్పు పట్టకూడదనీ అప్పటికప్పుడు నిర్ణయించుకుంది.

"కప్పటం లేదండీ," అన్నాడు జాన్ సాహెబ్. "పట్టాలు మాకియ్యలేదు. అడిగితే, కట్టుకుంటా కూర్చుంటే ట్రిప్పులు తగ్గుతయ్ అన్నారు. నీళ్ల బండి నేనెప్పుడూ చూడలా." కొంచెంసేపు నిలబడ్డాడు, ఇంకేమన్నా చెప్పాలేమో అన్నట్టు. "ఆ దుమ్ము మేం కూడా తింటన్నాం," అని కూర్చున్నాడు.

చప్పట్లేమీ మోగలేదు. అధికారి రాసుకున్నాడు. ఆ రాసుకున్నది మళ్లీ పైకి చదివి వినిపించమని మహాలక్ష్మి అడిగితే, చదివి వినిపించాడు. ఊరివాళ్లకిచ్చిన పుస్తకంలో అక్షరం కనపడదని ఆమె చెబితే, ఒకటి తెప్పించి తెరిచి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, "చదవగలిగే కాపీలు ఇచ్చాక ఇంకో తేదీ పెడతాం," అన్నాడు. క్వారీ ఆగుతుందని ఎవరూ అనలేదు. ఆగాలని అడిగినవాళ్లూ తక్కువే. బిరియానీ పొట్లాలు మాత్రం అందరికీ సరిపోయాయి.

*

జాన్ సాహెబ్‌ని మర్నాడు పనికి రావద్దన్నారు. ఆ తర్వాత రోజూ రావద్దనే అన్నారు. ఇంట్లో అతనికి కూర్చోవడం చేతకాలేదు. విరిగిన బకెట్టుకి పిడి బిగించాడు. బాగానే ఉన్న తలుపు గొళ్లెం ఊడదీసి మళ్లీ కొట్టాడు. జరీనా సణిగింది. "అందరూ నోరు మూసుకుంటే నీకొక్కడికే ఏం బుట్టింది లేవటానికి?" అతను గొళ్లెం ఇంకోసారి తీసి వేసి చూశాడు. ఇరమ్ అన్నం కంచం ముందు కూర్చుని, చెబుదామని నోరు తెరిచి, రెండుసార్లు మూసుకుంది.

షాపులోనూ అంతే. పెద్ద అక్షరాల కాపీలు కొట్టించే పని వస్తుందని పుల్లారావు ఎదురుచూశాడు. రాలేదు. కంపెనీ ఈసారి నిజంగానే గుంటూరులో కొట్టించిందని ఎవరో చెప్పారు. గేటు పాసులూ ఆగిపోయాయి. పుల్లారావు ఓ పూటంతా మొహం గంటు పెట్టుకుని, సాయంత్రం టీ తెప్పించినప్పుడు రెండు చెప్పాడు. తనది తాగుతూ, "పోతే పోయిందిలే," అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

వారం తిరక్కముందే కాంట్రాక్టరు కబురు పెట్టాడు. తనిఖీకి వస్తారంట. బండికో పట్టా ఇస్తున్నారు. అనుభవమున్న డ్రైవర్లు కావాలి. జాన్ సాహెబ్ చొక్కా వేసుకుని వెళ్లాడు.

ఆ మర్నాడు తెల్లారగట్ల టిప్పరు వీధి చివర ఆగి ఉంది. రాత్రి లోడుతో ఆలస్యమై బండి ఊళ్లోనే పెట్టుకున్నాడు. పట్టా కొత్తది, నీలం రంగు, మడతల్లో ఇంకా ప్లాస్టిక్కు వాసన. జాన్ సాహెబ్ ఒక్కడి వల్ల కావడం లేదు. ఒక పక్క లాగితే ఇంకో పక్క జారుతోంది. ఇరమ్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, చూసి, గ్లాసు అరుగు మీద పెట్టి బండి వెనక్కి వెళ్లింది.

"పనికిమాలిన పని," అన్నాడు అతను పైనుంచి. "దీనివల్ల రోజుకో ట్రిప్పు పోద్ది."

"పోద్దా?"

"పోద్ది మరి. కట్టాల, విప్పాల, మళ్లీ కట్టాల." తాడు కిందికి విసిరాడు. "ఎవురో ఆ కాగితాలు పెద్దవి చేసి ఇచ్చారంట ఆ పెద్దామెకి. లేకపోతే ఆమెకేం తెలుసుద్ది."

తాడు చివర ఇరమ్ చేతుల్లో ఉంది. కొత్త నైలాను, అరచేతుల్ని కోస్తోంది.

"నేనే నాన్నా," అంది. "ముందు సన్నగా చేసిందీ నేనే. తర్వాత పెద్దవి చేసిందీ నేనే."

జాన్ సాహెబ్ రాళ్ల మీద వంగినవాడు వంగినట్టే ఉండి కూతుర్ని చూశాడు. స్టేషనులో గుంటూరు బండి కూత వేసింది. అతను పట్టా అంచుని రాళ్ల మీదికి ఇంకాస్త లాగి, ముడతలు చేత్తో సాపు చేశాడు.

"ఆ కొక్కేనికి రెండు చుట్లు తిప్పు," అన్నాడు. "తిప్పి, నీ బలమంతా పెట్టి లాగు. వదులుగా ఉంటే క్వారీ నుంచి నాపరాళ్లపాలెం దాకా కూడా నిలవదు."

ఇరమ్ కాలు టైరుకి తన్నిపెట్టి లాగింది.